ఊట నోరు మూసిన నక్క

చిలకలేరు రెండు కొండల మధ్య సన్నబడే చోట ఒక పాత డ్యాం ఉంది. నడుమ రాతిగోడ, గోడ పాదాల దగ్గర కరెంటు తీసే పవర్‌హౌస్, ఎడమ పక్కన కొండదాకా పొడుగ్గా సాగిన ఎర్రమట్టికట్ట. దాన్ని కట్టినవాళ్ళ మనవలకే ఇప్పుడు తలలు నెరిశాయి. రాతిగోడ నాచు పట్టి నల్లబడింది. వెనక జలాశయంలో సగం పూడిక. అయినా పవర్‌హౌస్‌లో చక్రాలు తిరుగుతూనే ఉండేవి. అవి తిరుగుతున్నంతసేపూ నేల కింద సన్నగా ఒక రొద. ఆ అడవిలో పుట్టిన ప్రతి పిల్లకీ తల్లి గుండెచప్పుడు తర్వాత తెలిసేది ఆ రొదే.

మట్టికట్ట అడుగున, రాళ్ళు పేర్చిన చోట, మూడు గొట్టాల నోళ్ళు ఉండేవి. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా వాటిలోంచి సన్నగా నీళ్ళు కారేవి. కొబ్బరినీళ్ళంత తేట. ఆ ఊట చిన్న కాలవై ఏట్లో కలిసేది. రోహిణి ఎండల్లో అడవంతా మాడిపోయినా కాలవ గట్టున పచ్చగడ్డి ఉండేది. రేవు దగ్గర ఒకరి జోలికి ఒకరు పోకూడదని కట్టుబాటు. అందుకని సాయంత్రమయ్యేసరికి అందరూ అక్కడ చేరి నీళ్ళు తాగి, కాసేపు లోకాభిరామాయణం మాట్లాడుకుని పోయేవాళ్ళు.

కాలవకి కాస్త ఎగువన గులకరాళ్ళ దిబ్బ మీద తీతువు పిట్ట తీతమ్మ కాపురం. తీతువులు చెట్టెక్కి గూళ్ళు కట్టవు. నేల మీదే, రాళ్ళలో రాళ్ళలా కలిసిపోయేట్టు మచ్చల గుడ్లు పెడతాయి. తీతమ్మ నాలుగు పెట్టింది. పెట్టిన నాటినుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. గుడ్డు పగిలేదాకా దాన్ని కదపలేదు, ముక్కున కరుచుకుని పోలేదు. కాలవ గట్టున ఉన్నవాళ్ళలో ఏ ఆపదొచ్చినా ఇల్లు వదిలి పారిపోలేనిది ఆమె ఒక్కతే.

పైగా ఎండ. రాళ్ళు పెనంలా కాలుతుంటే గుడ్లు ఉడికిపోకుండా తీతువు తల్లి ఏం చేస్తుందో తెలుసా? నీళ్ళలో పొట్ట ముంచి, ఈకలు బాగా తడుపుకుని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తీతమ్మ మధ్యాహ్నమంతా ఊటకాలవకీ గుడ్లకీ మధ్య అలా తిరుగుతూనే ఉండేది. తిరిగినప్పుడల్లా తలెత్తి కట్ట వైపు చూసేది. దాని వెనక ఎంత నీరుందో ఎగిరి చూసిన పిట్ట కదా, ఆమెకి తెలుసు. చూసిన ప్రతిసారీ భయం. ఇక అరుపు.

"కారుతోంది! కట్ట కారుతోంది!"

"కారక ఏం చేస్తుందే? నేను దూడగా ఉన్నప్పుడూ కారింది" అంది కారమ్మ గడ్డి నములుతూ. కారమ్మ ఎప్పుడో మందలోంచి తప్పిపోయి అడవిలోనే ఉండిపోయిన గేదె.

"పాతబడిపోయింది కదక్కా. పాతబడింది కూలదా?"

కాలవలో మెడదాకా మునిగి ఉన్న తాబేలు తాత కళ్ళు తెరిచాడు. "నేనూ పాతబడ్డాను. నా ముక్కూ కారుతోంది. కూలానా?"

అందరూ పడీపడీ నవ్వారు. తీతమ్మ మగడు కూడా నవ్వాడు. తీతమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నవ్వండి, నవ్వండి. మీరంతా కాళ్ళున్నవాళ్ళు. రేపేదైనా అయితే కొండెక్కేస్తారు. నా నాలుగు గుడ్లకీ కాళ్ళున్నాయా?"

అంతమందిలో నవ్వనివాడు ఒక్కడే, గుంటనక్క జంబన్న. కొండమీద బండల కింద ఉండేవాడు. ఆ వేళ తీరిగ్గా తోక సర్దుకుని తీతమ్మ పక్కన కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నీ బాధ వీళ్ళకేం తెలుస్తుంది? నేనూ పిల్లలుగలవాణ్ణే. ఈ ఊట ఆగిపోతే నీ ప్రాణం కుదుటపడుతుందా?"

"ఎందుకు పడదన్నా!"

"అయితే నేను ఆపుతాను."

"నిజంగానా?"

"నిజంగానే. దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఒక్క మాట ఇవ్వు చాలు. ఊట ఆగిన రోజు నుంచి నువ్వు దేనికీ అరవకూడదు. పాపం వీళ్ళందరికీ కాస్త నిద్ర పడుతుంది."

"బాబ్బాబు, ఆ పుణ్యం కట్టుకో జంబన్నా!" అంది కారమ్మ.

'దేనికీ' అన్న మాట దగ్గర తీతమ్మ మనసు ఒక్క క్షణం ఆగింది. కట్ట కారితేనే కాదు, పొదల్లో ఆకు కదిలినా, పాము పాకినా, ఇదిగో ఈ జంబన్న తోక పొదలపైన కనిపించినా అరిచేది ఆమే. ఆ అరుపు వినే కుందేళ్ళు కలుగుల్లోకి దూరేవి, కౌజుపిట్టలు ఎగిరిపోయేవి. కానీ గుడ్ల వైపు చూసేసరికి ఆ తర్కమంతా ఎగిరిపోయింది. "సరే అన్నా, మాట" అంది.

మర్నాడే పని మొదలైంది. జంబన్న పాడుపడ్డ చెదపుట్టలోంచి మన్ను తవ్విపోశాడు. కారమ్మ అందులో నీళ్ళు, ఎండుగడ్డి కలిపి, గోడలు పెట్టేవాళ్ళు తొక్కినట్టు కాళ్ళతో తొక్కి ముద్ద చేసింది. జంబన్న ఆ ముద్దలు గొట్టాల్లోకి తోసి, కాళ్ళతో అదిమి, మీద రాళ్ళు కుక్కాడు. రెండు రోజులకి మూడు నోళ్ళూ మూతపడ్డాయి. కట్ట అడుగున రాళ్ళు పొడిగా, బూడిద రంగులో, చూడముచ్చటగా ఉన్నాయి. డ్యాం కాపలాదారు సింహాచలం కట్ట పైనుంచి వంగి చూసి, ఊట తగ్గిందే అని సంతోషపడి బీడీ వెలిగించుకుని పోయాడు.

"మరి ఆ నీళ్ళెటు పోతాయిరా?" అన్నాడు తాబేలు తాత.

"వచ్చిన దారినే వెనక్కి పోతాయి తాతా. గుమ్మం మూసుంటే చుట్టాలు వెనక్కి పోరూ?" అన్నాడు జంబన్న.

అందరికీ ఆ మాట నచ్చింది. కాని ఇక్కడ కాస్త ఆగి చూడాలి. గంజి వార్చేటప్పుడు మూతకీ గిన్నెకీ మధ్య సన్నటి సందు ఉంచుతాం కదా? మెతుకు లోపల ఉండిపోతుంది, గంజి బయటికి పోతుంది. ఆ సందు మూసేసి గిన్నె వంచితే గంజి వెనక్కి పోతుందా? ఇంకోచోట మూత లేపుకుని, మెతుకుల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేస్తుంది. మట్టికట్టా అంతే. ఎంత గట్టిగా కట్టినా దాని ఒంట్లోకి కొంత నీరు ఇంకుతూనే ఉంటుంది. అది తెలిసే కట్టినవాళ్ళు గొట్టాలు పెట్టారు, మన్ను లోపల ఉండి నీరు మాత్రమే తేటగా బయటికి పోవాలని. కారడం ఆ కట్టకి రోగం కాదు, ఊపిరి. పాత కట్టకి మరీ అవసరం. ఈ సంగతి ఆ సాయంత్రం ఆ గట్టున ఒక్కరికీ తెలియదు.

ఆ రాత్రి తీతమ్మ హాయిగా నిద్రపోయింది.

అయితే ఆ హాయి ఎన్నాళ్ళో లేదు. కాలవ ఎండిపోయింది. పొట్ట తడుపుకోవాలంటే ఏటిదాకా పోవాలి; తిరిగొచ్చేసరికి ఈకలు సగం ఆరిపోయేవి. గడ్డి మాడిపోయి కారమ్మ విసుక్కుంటోంది. తాబేలు తాత ఏట్లోకి మకాం మార్చాడు. ఇదంతా ఒక ఎత్తు. ఒకరోజు పొద్దున్నే కుందేలు చెవులమ్మ దిబ్బ దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, నిన్న సాయంత్రం జంబన్న మా పొదవైపు రావడం నువ్వు చూశావా?"

తీతమ్మ తల దించుకుంది. "చూశాను."

"మరి అరవలేదేం?"

"మాటిచ్చాను వదినా. దేనికీ అరవనని."

చెవులమ్మ తిట్టలేదు. "మా చిన్నాడు నీ అరుపు వినబడితేనే లోపలికి రావాలని నేర్చుకున్నాడు" అని మాత్రం అని, వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. తీతమ్మకి ఆ రోజంతా గుడ్ల మీద కూర్చున్నా కుదురు లేదు, లేచినా కుదురు లేదు.

మృగశిర వచ్చింది. ఎగువన గట్టివానలు పడ్డాయట, జలాశయం రోజురోజుకీ నిండుతోంది. పవర్‌హౌస్ చక్రాలు పగలూ రాత్రీ ఆగకుండా తిరుగుతున్నాయి. నేల కింది రొద పెద్దదైంది. తీతమ్మ పొట్టకింద గులకరాళ్ళు ఆ రొదకి ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. కట్ట మాత్రం పొడిగానే ఉంది. ఎందుకో ఆ పొడిదనమే ఇప్పుడామెని భయపెట్టసాగింది. అంత నీరు వెనక నిలబడి ఉంటే, ఇటు ఒక్క చుక్క కూడా లేదేమిటి?

ఇక్కడ చినుకు పడలేదు, ఉక్కపోత. ఆ మధ్యాహ్నం గులకదిబ్బ పక్కనే నేల తడిగా కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే చిన్న బుగ్గ. చేటంత జాగాలో నీళ్ళు బుడబుడమని ఉబుకుతున్నాయి, చుట్టూ చీమలపుట్ట మూతిలా మెత్తటి మన్ను పేరుకుంటోంది. "అమ్మయ్య, నీళ్ళు గుమ్మంలోకే వచ్చాయి!" అనుకుంది తీతమ్మ. పొట్ట ముంచి, గుడ్ల మీద కూర్చుని, కాసేపటికి గుడ్లు తిప్పడానికి లేచింది.

గుడ్లు నాలుగూ ఎర్రగా ఉన్నాయి.

"అయ్యో, నెత్తురు!" అని కెవ్వుమంది. మగడు ఎగిరొచ్చి ముక్కుతో గీసి చూశాడు. "నెత్తురు కాదే, మన్ను. నీ పొట్టంతా మన్నే. కడుక్కో పో."

తీతమ్మ కదల్లేదు. ఎండాకాలమంతా ఊటలో పొట్ట తడుపుకుంది. ఒక్కసారైనా గుడ్లకి ఇంత మరక అంటలేదు. మరి ఈ మన్నెక్కడిది? ఏటిది తెల్ల ఇసుక. దిబ్బది గులక. రేగడి అవతలి ఒడ్డున ఉంది. ఇంత ఎర్రమన్ను ఈ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది. తలెత్తి కట్ట వైపు చూసింది.

"ఏమండీ," అంది, "కట్ట కడుపులోని మన్ను నా పొట్టకంటింది."

ఇచ్చిన మాట గాలికి పోయింది. తీతమ్మ అరుపుకి అడవంతా లేచొచ్చింది. విషయం విని కారమ్మ కొమ్ములు విదిలించింది. "ఇదెక్కడి గోలే తల్లీ! కారితే ఏడుపు, కారకపోతే ఏడుపు. నీకేం కావాలో నువ్వైనా తేల్చుకో."

"ఊట తిరిగి కావాలక్కా! మనం మూసింది తీసెయ్యాలి. అది తేటనీరు, మంచిది. ఇది మన్నుని తెస్తోంది!"

"మాట తప్పిన పిట్ట మాటకి విలువేముంది?" అన్నాడు జంబన్న. "వానాకాలం వస్తే నేలలో బుగ్గలు పుట్టవా? వింతేముంది? నేను పెట్టిన బిరడా చూడండి, రాయిలా ఉంది."

రాయిలాగే ఉంది. అందరూ పోయాక తీతమ్మ దాన్ని ముక్కుతో పొడిచి చూసింది. పురుగుల్ని ఏరుకునే ముక్కు అది; చివర చిట్లింది గాని, మన్ను రాలలేదు. తవ్వాలంటే గోళ్ళుండాలి. బిరడా ఎక్కడ పలచనో, రాయి ఎక్కడ వదులో తెలిసుండాలి. అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. వాడు ఎత్తున, కొండమీద, బండల కింద క్షేమంగా పడుకుని ఉన్నాడు.

'వాడికి భయం లేదు, అదీ సంగతి' అనుకుంది తీతమ్మ. 'కూలితే పోయేది మనం.'

మర్నాడు సాయంత్రం ఆమె రెక్కలు ముడుచుకుని, ఎంతో వినయంగా అందరి ముందుకీ వచ్చింది.

"జంబన్నా, నిన్న నోరు జారాను. నీ వల్ల కట్ట పొడిగా ఉంది, అది అందరం చూస్తున్నదే. ఇంత మేలు చేసినవాడివి, ఎక్కడో బండల కింద ఎలుగ్గొడ్ల పక్కన ఉండటం ఏం మర్యాద? కట్ట కాళ్ళ దగ్గరే బోలెడంత పొడినేల ఉంది. వదినెనీ పిల్లల్నీ తెచ్చుకుని ఇక్కడే కాపురం పెట్టు. నువ్వు కళ్ళెదుట ఉంటే నాకు భయం ఉండదు. ఇక చచ్చినా అరవను."

"సబబైన మాట!" అంది కారమ్మ. "చేనుకి కాపలా ఉండేవాడు మంచె వేసేది చేన్లోనే కదా."

జంబన్న చెవి వెనక గోక్కున్నాడు. "నాకేం అభ్యంతరం లేదు గానీ... మా ఆవిడకి చెమ్మ పడదు."

"చెమ్మెక్కడుందన్నా? నువ్వే కదా ఆపావు!"

"పిల్లలు మరీ పసివాళ్ళు."

"నా పిల్లలు గుడ్లలోనే ఉన్నారన్నా. వాళ్ళే ఇక్కడున్నారు."

చెవులమ్మ మెల్లిగా అంది, "రానంటే మరి ఆయనకే కట్ట మీద నమ్మకం లేదనుకోవాలి."

అందరి కళ్ళూ జంబన్న మీద పడ్డాయి. అతను కట్టని చూశాడు, ఎర్రబుగ్గని చూశాడు, బుగ్గ పక్కనున్న గులకదిబ్బ మీద నాలుగు గుడ్లనీ చూశాడు. చూసి పెదాలు తడుపుకున్నాడు. "మీరంతా ఇంతగా అడుగుతుంటే కాదంటానా!" అన్నాడు.

ఇంటికొచ్చాక మగడు తీతమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నీకు మతిపోయిందా? నక్కని తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టావు!"

"కట్ట పోతే గుమ్మం కూడా మిగలదయ్యా" అంది తీతమ్మ. అని పోయి గుడ్ల మీద కూర్చుంది.

పొద్దుగూకేలోగా జంబన్న సంసారం దిగింది. కట్ట మొదట్లో రాళ్ళ పక్కన బారెడు బొరియ తవ్వుకున్నారు. తీతమ్మా మగడూ ఆ రాత్రంతా గుడ్లకి చెరోవైపు నిలబడి ఉన్నారు. జంబన్న రెండుసార్లు బొరియలోంచి తల బయటపెట్టాడు. రెండుసార్లూ పెళ్ళాం కేక వినబడి లోపలికి పోయాడు. "ఏమయ్యా, ఇంత పొడిగా ఉందన్నావు, పిల్లాడి కింద తడేమిటి?" "పిల్లాడు కదా, తడిపి ఉంటాడు." "పిల్లాడు ఎర్రగా తడుపుతాడా?"

తెల్లవారుతుండగా వాన అందుకుంది. ఒక్కసారి బొరియలోంచి నక్క సంసారమంతా కూతలు పెడుతూ బయటపడింది. వాళ్ళ వెనకే ఎర్రనీళ్ళు. బొరియ అడుగు ఉబికి లేస్తోంది. కాలు పెడితే నేల పరుపులా ఊగుతోంది. నక్కమ్మ పిల్లని నోట కరుచుకుని, దాన్ని మళ్ళీ కిందపెట్టి మరీ తిట్టింది.

"ఎవరయ్యా ఆ గొట్టాలు మూసింది? ఎవరు? తియ్యి! ముందు తియ్యి!"

జంబన్నకి తోకా తెలియలేదు, మర్యాదా తెలియలేదు. ఒక్క గెంతుతో మొదటి గొట్టం మీద పడి గోళ్ళతో రాళ్ళు పీకసాగాడు. తీతమ్మ వానలోకి లేచి, కట్ట మీద గుండ్రంగా తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. ఈసారి ఆమెని ఆపేవాడు లేడు. కారమ్మ వచ్చింది, చెవులమ్మ వచ్చింది, ఏట్లోంచి తాబేలు తాత తల పైకెత్తాడు.

"అదేమిటి జంబన్నా, నువ్వే మూసి నువ్వే తీస్తున్నావు?" అంది కారమ్మ.

"తప్పుకోండి! కట్ట తెగితే ముందు పోయేది నేనూ నా పిల్లలూ!"

"నిన్నటిదాకా మేమేగా" అంది చెవులమ్మ.

కారమ్మకి అప్పటికి వెలిగింది. ఇంకో మాట అనకుండా తల వంచి, తాను తొక్కిన ముద్దని తానే కొమ్ముతో కుళ్ళగించింది. మొదటి బిరడా ఊడింది. నీళ్ళు చిమ్మనగ్రోవిలోంచి వచ్చినట్టు ఎర్రగా ఎగిసి జంబన్నని కాలవలో పడేశాయి. రెండోది ఊడింది, మూడోదీ ఊడింది. కట్ట పెద్దగా నిట్టూర్చినట్టు గొట్టాలు గుడగుడలాడాయి. అయితే దిబ్బ పక్క బుగ్గ ఇంకా ఉబుకుతూనే ఉంది. దాని ఎర్రనీరు గుడ్లకి రెక్కెడు దూరం దాకా వచ్చింది. మగడు గుడ్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తీతమ్మ అరుపు ఆపలేదు.

ఈ వానలో ఈ పిట్టకేం పుట్టిందని సింహాచలం గొంగడి కప్పుకుని కట్ట మీదికొచ్చాడు. కిందికి చూశాడు. ఎర్రనీటి సుడి, తవ్వేసిన గొట్టాలు, ఒళ్ళంతా బురదైన నక్క. గొంగడి అక్కడే పారేసి పరిగెత్తాడు. కాసేపటికి సైరన్ మోగింది. రాతిగోడ మీద గేట్లు లేచాయి. కుడిపక్క ఏట్లోకి నీళ్ళు తెల్లగా దూకాయి. వెనక జలాశయం మట్టం దిగేకొద్దీ బుగ్గ ఉబుకు తగ్గుతూ వచ్చింది. మధ్యాహ్నానికి జీపులూ లారీలూ వచ్చాయి. మనుషులు ఆ బుగ్గకి మూత పెట్టలేదు. ముందు ఇసుక, దానిమీద గులక, ఆ పైన రాళ్ళు పరిచారు. నీరు బయటికి పోవచ్చు, మన్ను మాత్రం పోకూడదన్నమాట. గొట్టాల నోళ్ళకి గట్టి జల్లెడలు బిగించారు, ఇక ఎవరూ ఏమీ కుక్కకుండా. సింహాచలం గులకదిబ్బ మీద గుడ్లు చూసి, ఎవరూ తొక్కకుండా చుట్టూ నాలుగు పెద్దరాళ్ళు పెట్టిపోయాడు.

సాయంత్రానికి గొట్టాల్లో నీళ్ళ ఎరుపు విరిగింది. ఆరుద్ర కార్తె వచ్చేసరికి మళ్ళీ కొబ్బరినీళ్ళంత తేట. తీతమ్మ పొట్ట ముంచుకుని వచ్చి కూర్చుంది. లేచి చూసింది. గుడ్లు శుభ్రంగా ఉన్నాయి, ఒకదానికి మాత్రం సన్నటి బీట. లోపల్నుంచి ఎవరో ముక్కుతో పొడుస్తున్నారు.

జంబన్న మళ్ళీ కొండమీది బండల కిందకే పోయాడు. పోయాడు గాని, ఆ రోజు నుంచి అతను పొదలో కాలుపెట్టినా, తోక కదిపినా, తుమ్మినా, పైనుంచి తీతమ్మ అరుపు. ఇప్పుడు ఒక్క గొంతు కాదు, ఆరు గొంతులు.

"ఏమిటో ఈ గోల" అని కారమ్మ ఒకసారి అలవాటుగా గొణిగింది.

"అరవనివ్వు అక్కా" అంది చెవులమ్మ, మిగిలిన పిల్లల్ని కలుగులోకి తోస్తూ.

కారే ఊటని చూసి భయపడినా ఫరవాలేదు గాని, దాని నోరు మూసి ధైర్యం తెచ్చుకోకూడదు.